రాజు పోయిండని చాటిన మా నాయిన

మార్చి పన్నెండో తారీఖు, గురువారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఐర్లండు దేశంల వాటర్‌ఫోర్డ్‌లో మా మనవరాలి బడిలో, నేను ఎనిమిదేండ్లుగా చెప్తున్న ఒక అబద్ధాన్ని నా నోటితో నేనే కొట్టేసిన. గడియారం నా ఎదురుగోడకే ఉండె, అందుకే టైము ఇంత కచ్చితంగ తెలుసు. ఆ అబద్ధం మా నాయిన గురించి.

నాకు ఎనభై నాలుగు దాటినయి. అక్షరాలు నేర్చింది యాభై మూడేండ్లప్పుడు. మా ఊరి పాస్టరమ్మ నేర్పింది. "ఇంకెంత కాలం ఎవరో చదివితే వింటవు? దేవుడు నీతోని మాట్లాడాలంటే మధ్యల నేను ఎందుకు?" అని తిట్టి పలక చేతిల పెట్టింది. మనవలు పుట్టే వయసుల అ, ఆ దిద్దుకున్న. గుణింతాలకే ఏడాది పట్టింది. ఒత్తులు ఇప్పటికీ తప్పుతయి, మా బిడ్డ దిద్దుతది.

ఆలస్యంగ అక్షరం నేర్చినోళ్లకు ఒక జబ్బు ఉంటది. రాసిన మాట అంటే భయం. నోటిమాట నోటిదే, అన్నోళ్లు పోతే అదీ పోతది. రాసింది అట్ల గాదు. మనం పన్నంక కూడా అది మేలుకొనే ఉంటది. చిన్నప్పటి నుంచి చదివినోళ్లకు ఇది తెలియదు. వాళ్లు రాసి పారేస్తరు. నేను కూరగాయల చీటీ రాసినా రెండుసార్లు చూసుకుంట.

మా బిడ్డ ఇక్కడి పెద్దాసుపత్రిల నర్సు. అల్లుడు కార్క్ దిక్కు మందుల ఫ్యాక్టరీల పనిచేస్తడు, పొద్దున పోతే మాపటికి వస్తడు. మా ఆయన పోయినంక, తొమ్మిదేండ్ల కింద, నేను వీళ్ల దగ్గరికి వచ్చిన. చలి సంగతి చెప్పను, అందరూ అదే చెప్తరు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. అది నేను మాట్లాడే తెలుగంతా అర్థం చేసుకుంటది, జవాబు మాత్రం ఇక్కడోళ్ల యాసల ఇంగ్లీషుల ఇస్తది. నాకు దాని ఇంగ్లీషు అర్థమైతది, దానికి నా తెలుగు అర్థమైతది. ఇద్దరికీ ఏ లోటూ లేదు. దాని మాటలు ఇక్కడ తెలుగుల రాస్తున్న, అంతే.

ఇప్పుడు ఆ అబద్ధం సంగతి.

ఈ దేశంల ప్రతి ఇంట్ల ఒక ముత్తాత తుపాకి పట్టి ఉంటడు. అట్లనే చెప్తరు. ఇంగ్లీషు రాజును వెళ్లగొట్టిన కొట్లాటల మా తాత లేడు అని ఒప్పుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వీళ్లు చెప్పేంతమంది నిజంగనే పోయుంటే ఆ కొట్లాట రెండు దినాల్ల తెగేదని నా అనుమానం. మా మనవరాలికి తొమ్మిదేండ్లప్పుడు బడిల ఒక్కొక్కరినీ లేపి, మీ ముత్తాతలు ఏం చేసిండ్రో చెప్పుమన్నరట. ఇది లేచి నిలబడి, ఏం చెప్పాల్నో తెలియక కూర్చున్నది. ఇంటికి వచ్చి బూట్లు గూడ విప్పకుండ నా ముందు నిలబడ్డది.

"అమ్మమ్మా, మనకు ఎవ్వరూ లేరా?"

"ఎవరు కావాలె?"

"రాజుతోని కొట్లాడినోళ్లు. అందరికీ ఉన్నరు. నా పక్క పిల్లకైతే ఇద్దరు ఉన్నరు."

కండ్లనిండ నీళ్లు. నేను ఓర్వలేకపోయిన. "మనకూ రాజు ఉండె. హైదరాబాదు నవాబు. ఆయన ఢిల్లీ మిలట్రీతోని యుద్ధం చేసి ఓడిపోయిండు. ఐదు దినాల్ల ఓడిపోయిండు" అన్న. దాని కండ్లల్ల నీళ్లు ఆగినయి. "మరి ముత్తాత?" అన్నది. ఆగితే బాగుండు. ఆగలేదు నేను.

మా ఊరి చాటింపు డప్పు మా నాయినది. ఇది నిజం. రాజు ఓడిండని తెలియంగనే ఆయన ఎవరి హుకుం కోసం చూడకుండ డప్పు మెడకేసుకొని, ఊరంత తిరిగి, "రాజు పోయిండు, వెట్టి పోయింది, ఇగ ఎవ్వరూ దొర గడికి పోవద్దు" అని చాటిండు అని చెప్పిన. ఇది అబద్ధం. దొర మనుషులు వచ్చి డప్పు పగలగొట్టిండ్రు, అయినా నాయిన తల వంచలేదు అని చెప్పిన. ఇది ఇంకా పెద్ద అబద్ధం. వెట్టి అంటే ఏందని అడిగితే, కూలి లేకుండ దొర కోటల చేసే చాకిరి అని చెప్పిన. అదొక్కటి సరిగ్గ చెప్పిన.

తెల్లారి బడిల చెప్పి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టిండ్రట. తుపాకి తాతలు ఇరవైమంది ఉన్నరుగని డప్పు తాత ఒక్కడే. అప్పటి నుంచి అది ఏ సందు దొరికినా ఆ కత చెప్పేది. మా బిడ్డకు కూడా నేను నిజం ఏనాడూ చెప్పలేదు, ఈ కతనే మనవరాలి నోట విన్నది. "మా తాత గింత మొనగాడా, నాకెందుకు చెప్పలేదే అమ్మా" అని అడిగింది. "అడిగితే గదా చెప్పేది" అన్న. మాటకు మాట అతికింది. నోటిమాటే గదా అని ఊకున్న.

మొన్న చలికాలంల అది రాతకు ఎక్కింది.

ఇక్కడ బడి చదువు అయిపోయేటప్పుడు ఒక పెద్ద పరీక్ష ఉంటది. చరిత్ర తీసుకున్నోళ్లు దాంట్ల ఒక ప్రాజెక్టు రాసి ఇయ్యాలె. ఆ మార్కులు కాలేజీ సీటుకు లెక్కలకి వస్తయి. వాళ్ల క్లాసుల అప్పుడు జర్మనీ పాఠం నడుస్తుండె. మొదటి పెద్ద యుద్ధంల జర్మనీ ఓడిపోయింది, కైజరు పక్క దేశానికి పారిపోయిండు, రాజు లేని రాజ్యం వచ్చింది. మనవరాలు వంటింట్ల కూర్చొని బయటికి చదివేది, నేను ఉల్లిగడ్డలు కోస్తూ వినేది.

"రాజు పోయిండు గని జడ్జీలు పాతోళ్లే అమ్మమ్మా. ఆఫీసర్లు పాతోళ్లే. భూములున్న దొరలు పాతోళ్లే. యుద్ధం చేసింది రాజు, ఓడిపోయినమని సంతకం పెట్టింది కొత్తోళ్లు. జనం తిట్టింది కూడా కొత్తోళ్లనే."

"కుండ పగలగొట్టింది ఒకడు, పెంకులు ఏరింది ఇంకొకడు" అన్న.

"అది రాసుకోవచ్చా?" అన్నది.

రాసుకున్నది. అప్పుడు దానికి ఆలోచన వచ్చింది. జర్మనీల ఏం జరిగిందో, మా హైదరాబాదు రాజ్యంల ఏం జరిగిందో పక్క పక్కన పెట్టి రాస్తనన్నది. టీచరు సరేనన్నది. నెల తిరిగేసరికి ప్రాజెక్టు తయారు. పేరు ఏం పెట్టిందంటే, 'రాజ్యం పోయిందని చాటిన డప్పు.' వాళ్లమ్మకు కాగితాలు చూపిస్తుంటే నేను కూడా కండ్లద్దాలు పెట్టుకొని వంగి చూసిన. ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కొని చదువుత. చివరి కాగితం మీద నా పేరు ఉండె. పక్కన ఏమున్నదని అడిగిన.

"కండ్లార చూసిన సాక్షి, అప్పుడు ఏడేండ్ల వయసు అని రాసిన" అన్నది.

నా పేరు అచ్చుల ఎక్కింది ఓటరు కార్డు మీద, పాస్‌పోర్టు మీద, దీని మీద. మొదటి రెండు నిజాలు.

వారం తిరగకముందే ఇంకొకటి వచ్చి పడ్డది. టీచరు అడిగిందట, మీ అమ్మమ్మ క్లాసుకు వచ్చి మాట్లాడుతదా అని. గురువారం వస్తే ప్రాజెక్టు పంపడానికి ఆనాటి నుంచి ఇంకా ఎనిమిది దినాలు ఉంటయి, సాక్షి నోటితోని విని నాలుగు మాటలు చేరిస్తే ఇంకా మంచిగుంటదని.

"నా మోకాలు బాగలేదు" అన్న.

"చర్చిల భోజనాలప్పుడు మంచిగనే నడుస్తది గదనే అమ్మా" అన్నది మా బిడ్డ.

"జీపీ డాక్టరుకు చూపించాలె."

"జీపీ దగ్గర అపాయింట్‌మెంట్ మూడు వారాలకు దొరుకుతది. బడి గురువారం."

"నాకు ఇంగ్లీషు రాదు."

"నేను చెప్త గద పక్కన నిలబడి" అన్నది మనవరాలు. "నువ్వు ఒక్క మాట చెప్పు, నేను ఒక్క మాట చెప్త. గ్రాండ్‌గ ఉంటది."

ఇక్కడ గ్రాండ్ అంటే గొప్ప అని గాదు. ఫరవాలేదు, సరిపోతది అని. నాకు మాత్రం ఏమీ సరిపోయేటట్టు కనిపించలేదు. అబద్ధమే చెప్పి వస్తే రాతల ఉన్న అబద్ధానికి ముద్ర వేసినట్టు. నిజం చెప్తే పిల్ల పరువు దాని దోస్తుల ముందు పోతది, ప్రాజెక్టు పోతది, సీటు సంగతి ఏమైతదో తెలియదు. బుధవారం మాపు, ప్రెస్‌లకెల్లి బియ్యం గంజు తీస్తూ, చెప్పేద్దామని నోరు తెరిచిన. ఇక్కడ వంటింటి అలమరను ప్రెస్ అంటరు.

"బిడ్డా, ఆ డప్పు సంగతి..."

"ఇప్పుడు చెప్పకు అమ్మమ్మా. రేపు అక్కడ మొదటిసారి చెప్పినట్టు ఉండాలె."

నిజంగనే మొదటిసారి చెప్పినట్టు ఉంటదని దానికేం తెలుసు.

గురువారం పొద్దున మా బిడ్డ డ్యూటీ దిగి ఆ యూనిఫారం మీదనే వచ్చి నన్ను కార్ల ఎక్కించుకున్నది. ఆడపిల్లల బడి అది. క్లాసుల గట్టి కుర్చీలే ఉన్నయని, బడి పనులు చూసే మనిషి ఒకాయన టీచర్ల గదిలకెల్లి మెత్తకుర్చీ మోసుకొచ్చి వేసిండు. వేసినోడు పోలేదు, తలుపు దగ్గరనే నిలబడ్డడు. పిల్లలు లేచి నిలబడ్డరు. కూర్చోండ్రి అని చేయి ఊపిన. మనవరాలు నా కుర్చీ పక్కన నిలబడ్డది. మా బిడ్డ వెనుక గోడకు ఆనుకొని ఫోన్ల వీడియో తీయవట్టింది.

ముందు చాటింపు ఎట్ల చేస్తరో చెప్పిన. దాంట్ల అబద్ధం లేదు గనుక మంచిగనే సాగింది. డప్పును ముందుగల గడ్డిమంట మీద కాపాలె, అప్పుడే తోలు బిగుస్తది, లేకుంటే పచ్చి మోత వస్తది. గడ్డి మోసేది నేనే. మూలకు మూలకు నిలబడి, మూడు దెబ్బలు కొట్టి ఆగాలె, మళ్ల మూడు కొట్టాలె. ఇండ్లల్ల నుంచి జనం వచ్చినంక ముందుగల ఎవరి హుకుమో చెప్పాలె. హుకుం ఎవరిదో చెప్పకుండ చాటితే అది చాటింపు గాదు, తాగినోడి కేక. మా తాత నాటి నుంచి ఒకటే మాట. "నవాబు సర్కారు వారి హుకుం, గడి దొరవారి హుకుం, ఏందనంగ" అని మొదలువెట్టి, తర్వాత సంగతి చెప్తరు. పన్ను కట్టాలన్నా అదే మొదలు, ఎడ్ల అంగడి జరుగుతదన్నా అదే మొదలు.

పిల్లలకు నచ్చింది. ఒక ఎర్రజుట్టు పిల్ల బల్ల మీద మూడు దెబ్బలు కొట్టి చూసింది.

అప్పుడు మనవరాలు నాతోని, "ఇప్పుడు రాజు ఓడిన దినం చెప్పు" అన్నది.

గడియారం దిక్కు చూసిన. పదకొండు ఇరవై.

"రాజు ఓడింది మాకు తెలియదు" అన్న. "రేడియో గడిలనే ఉండె. దొర ఏడాది కిందనే పట్నం పారిపోయిండు. ఎర్రజెండా సంఘపోళ్లు ఆయన భూములు ఊరోళ్లకు పంచిండ్రు. మాకు కూడా ఒక చెలక ముక్క వచ్చింది. ఆ ఏడాది మేము ఎవ్వరం గడి మొఖం చూడలేదు. నాయిన డప్పు కూడా దూలానికే ఉండె."

మనవరాలు అది ఇంగ్లీషుల చెప్పింది. ఇదంతా దానికి కొత్తనే, అయినా చెప్పింది.

"జొన్నచేను నడుముల దాకా ఎదిగిన రోజులు. మిలట్రీ బండ్లు వచ్చినయి. ముందు బండిల దొర ఉన్నడు. పోయేటప్పుడు నెత్తికి రుమాలు చుట్టుకొని పోయిండు, వచ్చేటప్పుడు తెల్ల టోపీ పెట్టుకొని వచ్చిండు. గెలిచినోళ్ల టోపీ అది. గడి ముందట బండి దిగి మా నాయినను పిలిపిచ్చిండు. చాటు అన్నడు."

మనవరాలు ఇంగ్లీషు చెప్పలేదు. నా దిక్కు చూసింది.

"అమ్మమ్మా, అట్ల గాదు గద. దొర చెప్పకముందే గద చాటింది."

"గాదు బిడ్డా. దొర చెప్తేనే చాటిండు."

"డప్పు పగలగొట్టిండ్రు గద?"

"పగలగొట్టలేదు. ఆ డప్పు నా పెండ్లి దాకా ఇంట్లనే ఉన్నది."

దాని చెంపలు ఎర్రబడ్డయి. క్లాసుల పిల్లలకు తెలుగు రాదు గని, ఏదో తెగిందని తెలిసిపోయింది. మా బిడ్డ చేతిల ఫోను కిందికి దిగింది. నేను మనవరాలిని తొందర పెట్టలేదు. చెప్పుమనలేదు, వద్దనలేదు. అది కిటికీ దిక్కు చూసింది, మళ్ల క్లాసు దిక్కు తిరిగి, "మా అమ్మమ్మ ఇంతవరకు నాకు చెప్పింది వేరే. ఇప్పుడు చెప్తున్నది వేరే. ఇప్పుడు చెప్తున్నదే చెప్త" అన్నది.

మిగిలింది చెప్పిన. దొర ఏమేం చాటాల్నో చెప్పిండు గని, హుకుం ఎవరి పేరు మీద అని చెప్పలేదు. నాయిన డప్పు కాపుకొని మొదటి మూలకు పోయి, మూడు దెబ్బలు కొట్టి, తాత నేర్పిన మాటే అందుకున్నడు.

"నవాబు సర్కారు వారి హుకుం, గడి దొరవారి హుకుం, ఏందనంగ. నవాబు సర్కారు ఓడిపోయింది. నవాబు రాజ్యం ఇగ లేదు. కొత్త రాజ్యం వచ్చింది. సంఘపోళ్లు పంచిన భూములు దొరవారికి ఒప్పజెప్పాలె. రేపు పొద్దున ఇంటికొక మనిషి గడికి వెట్టికి రావాలె."

ఇది ఇంగ్లీషుల చెప్పేసరికి క్లాసుల ఎవరో ఫక్కుమని నవ్వి, వెంటనే నోరు మూసుకున్నది. "నవ్వండ్రి, ఫరవాలేదు" అన్న. "ఆ దినం ఎవ్వరూ నవ్వలేదు. మంత్రసాని ముసల్ది ఒక్కతే, 'ఎవని హుకుంరా, పోయినోని హుకుమా' అన్నది. నాయినకు తప్పు ఏడున్నదో తెలియలేదు. సరిగ్గ వినబడలేదేమో అనుకొని, ఆమె కోసం మళ్ల మొదటి నుంచి అదే చాటిండు."

అప్పుడు అందరూ నవ్విండ్రు. మనవరాలు కూడా నవ్వింది, నవ్వొద్దనుకుంటనే. నేను మా నాయిన మీద నవ్విన మొదటి దినం అది. డెబ్బై ఏడేండ్లు దాన్ని గొంతుల మింగలేక కక్కలేక పెట్టుకున్న. నవ్వితే అది కూడా ఒక మనిషి చేసే తప్పే అని తెలిసింది.

తర్వాతది నవ్వేది గాదు. తెల్లారి నాయిన మా చెలక గట్టు మీద కొంచెంసేపు నిలబడి, గడికి పోయిండు. ఊరందరి కంటే ముందు పోయింది మేమే. నేను గడి వాకిలి ఊడ్చిన. ఆయన పిరికోడు గాదు. ఐదుగురు పిల్లల తండ్రి, ఊళ్ల తుపాకులు ఉన్నయి. పక్క ఊళ్లనైతే, రాజు మతమోళ్లని చెప్పి, ఏ పాపం ఎరుగని సాయిబులను కొట్టిండ్రు. అది ఏ చాటింపులకూ ఎక్కలేదు. వెట్టి మాత్రం ఏనాడు పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక ఏడు ఒక ఇంటోళ్లు పంపడం మానేసిండ్రు, మరుసటేడు ఇంకొక ఇంటోళ్లు. రాజు పోయిన దినం పుస్తకాలల్ల ఉన్నది. వెట్టి పోయిన దినం ఎక్కడా లేదు.

ముందు వరసల కండ్లద్దాల పిల్ల చేయి ఎత్తింది. "మీరు ఓడిపోయినట్టా, గెలిచినట్టా?" అని అడిగింది.

"మా రాజు ఓడిండు. మేము ఒకేనాడు రెండూ అయినం" అని ముందుగల అన్న గని, అది నాకే సరిగ్గ అనిపించలేదు. "మమ్మల్ని ఎవ్వరూ అడగలేదు. నువ్వే మొదలు" అన్న.

మనవరాలు నా దిక్కు వంగి, తెలుగులనే అడిగింది. ఎప్పుడో గని మాట్లాడదు. "అమ్మమ్మా, ముత్తాత తెలిసే అన్నడేమో? కావాలనే రాజు పేరు పెట్టి, దొరను ఎక్కిరిచ్చిండేమో?"

దాని మొఖంల ఆశ కనిపించింది. ఊ అంటే చాలు, మళ్ల ఒక కొత్త మొనగాడు తయారైతడు.

"గాదు బిడ్డా. ఆయన మొఖం నేను చూసిన. తెలియకనే అన్నడు. అట్ల రాయకు."

"సరే" అన్నది.

అప్పుడు టీచరు మాట్లాడింది. యాభై ఏండ్ల మనిషి, చేతులకు సుద్ద. వీళ్ల దేశంల ఇంగ్లీషు రాజు పోయి కొత్త సర్కారు వచ్చినప్పుడు పోస్టు బిళ్లలు ముద్రించే టైము లేకపాయెనట. రాజు బొమ్మ ఉన్న పాత బిళ్లలే తీసుకొని, ఆయన మొఖం మీదనే నల్లసిరాతో కొత్త సర్కారు పేరు కొట్టి అమ్మిండ్రట. రాజు పోయిండని చుట్టాలకు రాసిన ఉత్తరాలు రాజు మొఖం అంటించుకొనే పోయినయట. "మీ నాయినగారు నోటితోని చేసింది మావాళ్లు సిరాతోని చేసిండ్రు" అన్నది. తలుపు దగ్గరి మనిషి తల ఊపి, వాళ్ల ముత్తాత తుపాకి పట్టినోడు గాదు, రెండు దిక్కులోళ్లకూ రొట్టెలు అమ్మినోడు అన్నడు. తొమ్మిదేండ్లల్ల అట్ల ఒప్పుకున్నోణ్ణి మొదటిసారి చూసిన.

గంట కొట్టినంక మనవరాలు నన్ను పట్టుకొని వరండాలకు తీసుకొచ్చింది. మా బిడ్డ వెనుకనే వచ్చింది.

"ఎనిమిదేండ్లు అబద్ధం చెప్పినవు" అన్నది మనవరాలు.

"అవు."

"ఎందుకు?"

"నువ్వు ఏడ్చినవు. ఇంకేం కారణం లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నది మా బిడ్డ. "మా వార్డుల అందరికీ చెప్పిన. పెద్ద డాక్టరుకు గూడ చెప్పిన. ఆయన వాళ్లావిడకు చెప్పిండట. ఇప్పుడు నేను ఇంటింటికి తిరిగి చాటాలె."

"నవాబు సర్కారు వారి హుకుం అని మొదలువెట్టు" అన్నది మనవరాలు.

ముగ్గురం గోడకు ఆనుకొని నవ్వినం. పక్క క్లాసు తలుపు తీసి ఎవరో చూసిండ్రు. నా ఛాతీ మీదికెల్లి ఒక బండ దింపినట్టయింది. మోకాలు కూడా నొప్పి తగ్గింది, అది మా బిడ్డకు చెప్పలేదు.

టీచరు మా దగ్గరికి వచ్చింది. ప్రాజెక్టు ఏమైతదని నేనే అడిగిన, నా ఇంగ్లీషుల. పోదన్నది. సాక్షి మాట మార్చిందంటే దాన్ని దాచిపెట్టొద్దు, మొదట ఏం చెప్పింది, తర్వాత ఏం చెప్పింది, ఎందుకు మారింది, మూడూ రాస్తే చరిత్ర అంటే అదేనన్నది. మొదటి దానికంటే ఇదే మంచిదన్నది. ఎనిమిది దినాలు చాలునా అంటే, మనవరాలు "గ్రాండ్" అన్నది. పేరు మారుస్తనన్నది. ఏం పేరు పెట్టిందో నాకు ఇంకా చూపించలేదు. నేనూ అడగలేదు. శుక్రవారం నుంచి వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి రాస్తున్నది. నన్ను మాటిమాటికి పిలుస్తది. చెలక ఎంత, దొర బండిల ఎంతమంది, ముసల్ది ఆ మాట అన్నప్పుడు నాయిన డప్పు కొట్టుడు ఆపిండా లేదా అని. ఆపిండు, అని చెప్పిన. తెలియనిది తెలియదని చెప్తున్న. అట్ల చెప్పుడు ఇంత సుఖమని నాకు తెలియదు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మా బిడ్డ పగలంతా పన్నట్టు, ఆ గురువారం మధ్యాహ్నం నేనూ పన్న, కల గూడ రాలేదు.

టీచరు ఒక పని నాకు గూడ పెట్టింది. నేను చెప్పిందంతా నా చేతితోని, నాకు వచ్చిన అక్షరాలతోని రాసి ఇయ్యాలె. ఏనాడు, ఎన్ని గంటలకు చెప్పిన్నో, చెప్పినప్పుడు ఎవరెవరు విన్నరో గూడ రాయాలె. తెలుగుల రాసినా చాలునట, మనవరాలు ఇంగ్లీషు చేసి పక్కన పెడ్తదట. అదే ఇది. కింద వేలిముద్ర గాదు, సంతకం పెడ్త.

ఆనాడు ఆ గదిల ఉన్నోళ్లు వీళ్లు. చరిత్ర చెప్పే టీచరు. మెత్తకుర్చీ తెచ్చి, పని మానుకొని, తలుపు దగ్గరనే నిలబడ్డ మనిషి. బల్ల మీద మూడు దెబ్బలు కొట్టిన ఎర్రజుట్టు పిల్ల. ఓడినట్టా గెలిచినట్టా అని అడిగిన కండ్లద్దాల పిల్ల. ముందుగ నవ్వి నోరు మూసుకున్న పిల్ల, అది తనేనని పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి చెప్పింది. పోలండు నుంచి వచ్చినోళ్ల పిల్ల ఒకతి, కేరళోళ్ల పిల్ల ఒకతి, కిటికీ దగ్గర ఆపిల్‌పండు తిన్న పిల్ల. పేర్లు అడగని ఇంకొక పదకొండుమంది ఆడపిల్లలు. మా బిడ్డ, యూనిఫారం మీద. మా మనవరాలు, నా మాటలు ఇంగ్లీషు చేసింది. నేను. ఇద్దరు పిల్లలు కమోగీ అనే కర్రబంతి ఆటకు పోయిండ్రట, వాళ్లు వినలేదు.